డీఎన్‌ఏ పరీక్షకు వెళ్లే ముందు: ఒక చిత్తూరు వకీలు గుమాస్తా చెప్పే మాటలు

చిత్తూరు జిల్లాలో తగవు ముదిరితే వాడే ఆఖరి మాట ఒకటి ఉంది: ‘కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?’ కోనేట్లో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడి అబద్ధం చెప్పడానికి ఎంతటి మొండివాడైనా వెనకాడతాడు. చిత్తూరు కోర్టుల్లో ముప్పై ఒక్క ఏళ్లు వకీలు గుమాస్తాగా పనిచేశాను. ప్రమాణానికి ధైర్యం చాలక వాయిదా ముందురోజు రాజీకి వచ్చినవాళ్లను కళ్లారా చూశాను. ఈ మధ్య ఆ మాట పక్కన ఇంకొకటి వచ్చి చేరింది: ‘డీఎన్‌ఏ పరీక్షకు వస్తావా?’

రెండింటికీ పెద్ద తేడా ఉంది. వినాయకుడిని ఏ ప్రశ్నయినా అడగవచ్చు. డీఎన్‌ఏను అడగదగిన ప్రశ్నలు కొన్నే, అవీ సరిగ్గా అడిగితేనే జవాబు వస్తుంది. ఈ సంగతి నేను కోర్టులో కొంత, మా ఇంట్లో ఎక్కువ నేర్చుకున్నాను.

మూడేళ్ల కిందట పలమనేరు నుంచి ఒకాయన మా ఇంటికి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. చేతి సంచిలోంచి పాత ఫోటో తీసి చూపించాడు. ఏదో గుడి మండపం, దండలు వేసుకున్న జంట. ఆవిడ ముఖం స్పష్టంగా ఉంది, ఆయన తల్లి. మగమనిషి ముఖం చెమ్మకు చెదిరిపోయింది. ‘ఈయన మీ నాన్నగారు. నాకూ నాన్నే’ అన్నాడు. మా నాన్న బెల్లం వ్యాపారి. నెలలో సగం రోజులు పలమనేరు, పుంగనూరు వైపే ఉండేవారు. ఆయన వెంట మా చిన్నాన్న కూడా తిరిగేవారు. ఇద్దరివీ ఒకే పోలికలు, ఒకే తలపాగా. నాన్నను 1998లో నీవా నది ఒడ్డున దహనం చేశాం. చిన్నాన్న కూడా పోయి చాలా కాలమైంది. ఆ ఫోటోలో ఉన్నది నాన్నా, చిన్నాన్నా? దీనికోసం మేం పడ్డ తిప్పలే ఈ వ్యాసానికి సగం ముడిసరుకు.

ముందు ప్రశ్నను కాగితం మీద పెట్టండి

‘డీఎన్‌ఏ చేయించాలి సార్’ అంటూ మా వకీలుగారి గుమ్మం ఎక్కేవారు చాలామంది. ఏం తేల్చడానికి అని అడిగితే గొణిగేవారు. అలాంటివారికి ఒక తెల్లకాగితం ఇచ్చి, తేలాల్సిన విషయం ఒక్క వాక్యంలో రాయమనేవాడిని.

‘ఈ బిడ్డకు తండ్రి ఈయనేనా?’ అని రాస్తే మంచిదే. తండ్రి, బిడ్డ ఇద్దరూ బతికుంటే పరీక్ష దాదాపు తిరుగులేని జవాబు ఇస్తుంది. ‘మేమిద్దరం ఒకే తండ్రి పిల్లలమా?’ అంటే జవాబు వస్తుంది కానీ తడబడుతూ వస్తుంది. ‘మాది ఒకే వంశమా?’ అంటే మగవాళ్ల మధ్య చెప్పగలదు, ఎన్ని తరాల వెనక కలుస్తారో మాత్రం కచ్చితంగా చెప్పలేదు. ‘నాకు ఆస్తిలో భాగం ఉందా?’ అని రాస్తే ఆ కాగితాన్ని ప్రయోగశాలకు కాదు, వకీలు దగ్గరకు పట్టుకెళ్లాలి.

చివరి ప్రశ్న దగ్గరే జనం బోల్తా పడుతున్నారు. రక్తం వేరు, హక్కు వేరు. మొదటి భార్య ఉండగా చేసుకున్న రెండో పెళ్లి హిందూ వివాహ చట్టం ప్రకారం చెల్లదు. కానీ అదే చట్టం 16వ సెక్షన్, ఆ చెల్లని పెళ్లికి పుట్టిన బిడ్డను సక్రమ సంతానంగానే చూస్తుంది, తల్లిదండ్రుల ఆస్తిలో హక్కు ఇస్తుంది. తండ్రికి ఉమ్మడి ఆస్తిలో వచ్చే వంతులో కూడా ఆ బిడ్డకు భాగం ఉంటుందని రేవణసిద్దప్ప కేసులో 2023 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తేల్చింది. అయితే చెల్లినా చెల్లకపోయినా పెళ్లి అనేది జరిగి ఉండాలి. అసలు పెళ్లే జరగని సంబంధంలో పుట్టిన బిడ్డకు హిందూ వారసత్వ చట్టం తండ్రి ఆస్తిలో భాగం ఇవ్వదు, పరీక్షలో 99.99 శాతం వచ్చినా సరే. నాకు ఇది న్యాయంగా అనిపించదు. పుట్టిన బిడ్డ చేసిన తప్పేమిటి? కానీ చట్టం అలా ఉంది. ఆ బిడ్డకు పోషణ ఖర్చులు మాత్రం తండ్రి ఇవ్వాల్సిందే. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షన్, తల్లిదండ్రుల మధ్య పెళ్లి ఉందా లేదా అని చూడకుండా బిడ్డకు ఆ హక్కు ఇస్తోంది.

దత్తత సంగతి దీనికి తలకిందులు. చట్టప్రకారం దత్తత వచ్చినవారికి పెంచిన తండ్రితో రక్తం కలవకపోవడం సహజం. వారి హక్కు దత్తత పత్రంలో ఉంటుంది, పరీక్షకు బుగ్గలోంచి తీసే నమూనాలో ఉండదు. అయినా ‘దత్తుడికి డీఎన్‌ఏ చేయించండి, బండారం బయటపడుతుంది’ అంటూ పిటిషన్ వేయించిన దాయాదులున్నారు.

అందుకే పలమనేరు మనిషి తెచ్చిన ఫోటోను నేను మొదట ఫోటో తీసి పెట్టుకున్నాను. పరీక్ష చెప్పేది ఆయన ఎవరి కొడుకన్నదే. తాళి కట్టారా లేదా అన్నది ఆ ఫోటో, దాని వెనకున్న సాక్షులు చెప్పాలి.

బీరువా వెతికారా?

పరీక్ష ఆఖరి మెట్టు. ముందు కాగితాలు వెతకండి. జనన నమోదు, బడి రికార్డు, పదో తరగతి సర్టిఫికెట్, రేషన్ కార్డు, పాత ఓటర్ల జాబితా, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఉద్యోగి అయితే సర్వీసు రిజిస్టరులో రాయించిన నామినీ పేరు. ఇవన్నీ ఒకే మాట చెబుతుంటే పరీక్ష అవసరం సాధారణంగా రాదు. పుట్టుక అప్పట్లో నమోదు కాకపోయి ఉంటే ఆలస్యపు నమోదుకు చట్టంలోనే దారి ఉంది. ముందు ఆ పని చూడండి.

కోర్టులు కూడా ఇదే అంటున్నాయి. ఒక ఆస్తి దావాలో, తాను ఫలానా దంపతుల కొడుకునని చెప్పుకున్న వ్యక్తిని డీఎన్‌ఏ పరీక్షకు పంపాలని ఆ దంపతుల కూతుళ్లు పట్టుబట్టారు. ఇతర సాక్ష్యం ఉన్నప్పుడు ఇష్టంలేని మనిషిని పరీక్షకు బలవంతపెట్టకూడదని అశోక్ కుమార్ కేసులో 2021 అక్టోబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు ఆదేశిస్తుందిలే అన్న ధీమాతో కాగితాలు వెతకడం మానేసినవారు తర్వాత నాలుక కరుచుకుంటారు.

భార్యాభర్తల మధ్య అనుమానం అయితే గోడ ఇంకా ఎత్తుగా ఉంటుంది. పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ, లేదా పెళ్లి రద్దయిన 280 రోజుల్లోపు తల్లి తిరిగి పెళ్లి చేసుకోకుండా కన్న బిడ్డ ఆ భర్త బిడ్డేనని చట్టం పట్టుకుని కూర్చుంటుంది. పాత సాక్ష్య చట్టంలో 112వ సెక్షన్ ఇది. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 116వ సెక్షన్ అయింది. ఆ కాలంలో ఇద్దరూ కలిసే అవకాశమే లేదని రుజువు చేస్తేనే ఆ గోడ కదులుతుంది. పరీక్ష ఫలితం అప్పటికే చేతిలో ఉంటే నిజానికే విలువ ఇవ్వాలని 2014లో నందలాల్ బద్వాయిక్ కేసులో అన్నా, పరీక్షకు పంపే విషయంలో మాత్రం 2023లోనూ, 2025లోనూ సుప్రీంకోర్టు చేయి బిగించే ఉంచింది. భార్యకు తెలియకుండా పిల్లవాడి ఉమ్మి పట్టుకుని కొరియర్‌లో పంపుదామనుకునే మగవారికి ఒక మాట. ఆ కాగితం కోర్టులో నిలబడడం కష్టం, ఇంట్లో నిలబడేది ఇంకేమీ ఉండదు.

ఎవరి నమూనా దేనికి పనికొస్తుంది

కొంచెం విజ్ఞానం చెప్పుకోక తప్పదు. మనలో 23 జతల క్రోమోజోములు ఉంటాయి. ప్రతి జతలో ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. పరీక్ష చేసేవారు డీఎన్‌ఏ మొత్తం చదవరు. కొన్ని చోట్ల ఒకే చిన్న ముక్క ఎన్నిసార్లు తిరిగి తిరిగి వస్తుందో లెక్కపెడతారు. ఆ చోట్లను గుర్తులు అందాం. ఒక్కో గుర్తు దగ్గర రెండు అంకెలు వస్తాయి. ఒకటి తల్లి నుంచి, మరొకటి తండ్రి నుంచి.

ఈ విద్య 1984లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ చేతిలో పుట్టింది. మన దేశంలో దీనికి దారి వేసింది హైదరాబాద్‌లోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీలో పనిచేసిన లాల్జీ సింగ్. ఆయన కట్లపాము మీద చేసిన పరిశోధనలోంచి వచ్చిన డీఎన్‌ఏ తునకే ఇక్కడి తొలి పరీక్షలకు పనిముట్టయింది. దానితోనే కేరళలోని తలశ్శేరి కోర్టులో ఒక బిడ్డ తండ్రి ఎవరో తేల్చారు. పాము పుణ్యాన బిడ్డకు తండ్రి దొరికాడన్నమాట.

తండ్రి బతికుంటే పని సులువు. తండ్రి, బిడ్డ, వీలైతే తల్లి నమూనాలు ఇస్తే చాలు. తల్లి నమూనా తప్పనిసరి కాదు కానీ, ఉంటే ఫలితానికి బలం వస్తుంది. తండ్రి పోయి ఉంటేనే చిక్కు. దహనం చేసిన అస్థికల నుంచి పనికొచ్చే డీఎన్‌ఏ రావడం దాదాపు అసాధ్యం. పూడ్చిన శవమైతే పళ్లు, ఎముకల నుంచి తీయవచ్చు, కానీ దానికి అధికారుల ఉత్తర్వు కావాలి. పోయినాయన ఎప్పుడైనా ఆసుపత్రిలో గడ్డ తీయించుకుని ఉంటే ఆ ముక్కను మైనంలో పెట్టి దాచి ఉండవచ్చు, అడిగి చూడండి. వెంట్రుకల సంగతి తిరుపతి వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ‘నాన్న మొక్కు తీర్చుకున్నప్పటి జుట్టు దాచాం’ అని ఒకరు పొట్లం తెచ్చారు. కల్యాణకట్టలో కత్తితో గీసిన జుట్టుకు కుదుళ్లు ఉండవు. మామూలు తండ్రి పరీక్షకు కావాల్సిన డీఎన్‌ఏ ఆ కుదుళ్లలో ఉంటుంది. కాడలో మిగిలేది ప్రధానంగా తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ. దానితో తండ్రిని పట్టుకోలేం.

ఏమీ దొరకకపోతే బతికున్న బంధువులే దిక్కు. ఇక్కడ మూడు దారులున్నాయి. వై క్రోమోజోమ్ మన ఇంటిపేరు లాంటిది, తండ్రి నుంచి కొడుక్కే వెళుతుంది. ఇద్దరు మగవాళ్లది కలిస్తే ఒకే మగ వంశమని అర్థం. మైటోకాండ్రియా తల్లి నుంచి పిల్లలందరికీ వస్తుంది, తర్వాతి తరానికి అందించేది కూతుళ్లే. అమ్మమ్మకూ మనవరాలికీ అది ఒకటే. ఇక తండ్రి దగ్గరున్న ఒకే ఒక్క ఎక్స్ క్రోమోజోమ్ కూతుళ్లందరికీ చేరుతుంది కనుక, ఇద్దరు ఆడవాళ్లు ఒకే తండ్రి బిడ్డలా అన్నది తేల్చడానికి ఎక్స్ పరీక్ష బాగా ఉపకరిస్తుంది. నాన్నమ్మకూ మనవరాలికీ మధ్య కూడా అంతే.

మా ఇంట్లో నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. పలమనేరు ఆయనా నేనూ వై పరీక్ష చేయించుకున్నాం. గుర్తులన్నీ కలిశాయి. ఇంకేం, తేలిపోయిందనుకున్నాను. మా చిన్నాన్న కూతురు నవ్వి ‘అన్నయ్యా, మా నాన్నకూ అదే కదా ఉండేది?’ అంది. నిజమే. నాన్న, చిన్నాన్న, తాత, నేను, అందరిదీ అదే వై. వంశం తేలింది, తండ్రి తేలలేదు. కోర్టు కాగితాల్లో కామా తప్పుపోతే పట్టుకునే నేను ఇంత చిన్న సంగతి చూసుకోలేదు.

మేనరికం దాచవద్దు

ఇది మన వైపు వారు ప్రత్యేకంగా చదవాల్సిన భాగం. రెండోసారి నావీ, ఆయనవీ మామూలు గుర్తులు పోల్చారు. సవతి అన్నదమ్ములైతే సగటున 25 శాతం డీఎన్‌ఏ పంచుకుంటారు. అన్నదమ్ముల పిల్లలైతే 12.5 శాతం. మా ఫలితం ఈ రెంటికీ నడుమ వచ్చి ఆగింది. ‘నిర్ధారించలేము’ అని రాసి, రుసుము రసీదు జతచేసి పంపారు. ఆ ప్రయోగశాల పేరు చెప్పను, ఎందుకంటే తప్పులో సగం నాది. దరఖాస్తులో ‘తల్లిదండ్రుల మధ్య రక్తసంబంధం ఉందా?’ అన్న గడిని ఖాళీగా వదిలేశాను.

మా అమ్మ మా నాన్నకు సొంత అక్క కూతురు. అంటే నాకు అమ్మ వైపు నుంచి వచ్చినదాంట్లో కూడా నాన్న ఇంటి రక్తమే కొంత ఉంది. తర్వాత మాకు దొరికిన ఒక నిపుణురాలు కాగితం మీద గీతలు గీసి చూపించారు. మా ఇంటి లెక్కలో ఆయన మా నాన్న కొడుకైతే సగటు 31.25 శాతం ఉండాలి. చిన్నాన్న కొడుకైతే 18.75 శాతం. మామూలు పట్టికలో 25కూ 12.5కూ సరిగ్గా నడిమధ్య ఉన్న అంకె 18.75. మేనరికం సంగతి తెలియని మనిషి మా ఫలితాన్ని ఎటూ చెప్పలేకపోవడంలో వింతేముంది? పైగా ఇవి సగటులు మాత్రమే. ఒక్కో జంటలో అంకె అటూ ఇటూ జరుగుతుంది.

కాబట్టి మేనమామను చేసుకున్నా, మేనత్త కొడుకును చేసుకున్నా, ఒకే ఊళ్లో తరతరాలుగా వియ్యాలందుకున్నా, ఆ సంగతి ప్రయోగశాలకు రాతపూర్వకంగా చెప్పండి. తండ్రి కావచ్చునన్న ఇద్దరూ అన్నదమ్ములైతే అది మరీ ముఖ్యం. ఒక వంశవృక్షం గీసి, పోయినవారికి చుక్క పెట్టి, ఎవరు ఎవరికి ఏమవుతారో రాసి జతచేయండి. ఇంట్లో పెద్దవాళ్లు కూర్చుంటే అరగంట పని.

ఆ నిపుణురాలు మమ్మల్ని అడిగినవి ఇంకో నాలుగు నమూనాలు: మా అమ్మ, మా అక్క, మా తమ్ముడు, చిన్నాన్న కూతురు. లెక్క ఇది. మాలో ప్రతి ఒక్కరిలో నాన్నవి సగం ఉన్నాయి. ముగ్గురు పిల్లల్ని కలిపితే నాన్న గుర్తుల్లో సగటున 87.5 శాతం బయటపడతాయి. అయితే మాలో ఏది నాన్నది, ఏది అమ్మది అని విడదీయాలంటే అమ్మ కావాలి. మేనరికం ఇంట్లో అది ఇంకా ముఖ్యం.

అమ్మకు అప్పటికి ఎనభై నాలుగేళ్లు. ఏం అడగాలో, ఎలా అడగాలో తెలియక రెండు రోజులు ఆమె మంచం చుట్టూ తిరిగాను. చివరికి అక్క చెప్పింది. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘ఆయన్ని అడగాల్సింది నా నోట్లో వెతుకుతారా?’ అంది. మేం వద్దులే అనబోయాం. ‘తెచ్చుకోండి మీ పుల్లలు’ అని తనే నోరు తెరిచింది. నమూనా ఇచ్చే ప్రతి ఒక్కరికీ దేనికి ఇస్తున్నారో ముందే చెప్పాలి, ఫలితం ఎలా వచ్చినా ఏం చేస్తారో కూడా చెప్పాలి. ఇది సమ్మతి పత్రంలో సంతకం కోసం కాదు. మా అమ్మ లాంటివారు ఒకసారి ‘వద్దు’ అంటే ఆ వద్దుకు విలువ ఉండాలి. రహస్యంగా కాఫీ గ్లాసు దాచి పంపడం, దువ్వెన దొంగిలించడం వంటివి చేయకండి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు చెప్పారు.

నమూనా ఇచ్చే రోజు

నోటి నమూనాకు ముందు కనీసం అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు, పొగ తాగకూడదు. మంచినీళ్లతో పుక్కిలించి కాసేపు ఆగాలి. దూది పుల్లతో బుగ్గ లోపలివైపు అర నిమిషం పాటు గట్టిగా రుద్దాలి. కావాల్సింది ఉమ్మి కాదు, చర్మ కణాలు. రెండో బుగ్గకు రెండో పుల్ల వాడాలి. దూదిని వేళ్లతో తాకకూడదు, ఊదకూడదు. గాలికి పూర్తిగా ఆరనిచ్చి కాగితపు కవరులో పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమ్మకు బూజు పట్టి నమూనా పాడవుతుంది. పాలు తాగే పసిబిడ్డ అయితే పాలు పట్టాక గంట ఆగి, నోరు తుడిచి తీయించండి. తల్లి కణాలు కలిసే అవకాశం ఉంది.

వక్కాకు నమిలేవారి సంగతి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. అమ్మ మొదటి నమూనా పనికిరాలేదు. పుల్ల ఎర్రగా ఉంది మరి. తర్వాత వేలి కొసన రక్తపు బొట్టు తీసి ప్రత్యేక కాగితం మీద అద్దించారు. ముందే అలా అడిగి ఉంటే ఒక నెల మిగిలేది.

ఈ మధ్య రక్తం ఎక్కించుకున్నా, ఎప్పుడైనా ఎముక మజ్జ మార్పిడి జరిగినా ముందే చెప్పాలి. దాత డీఎన్‌ఏ కనిపించి కథ అడ్డం తిరుగుతుంది. తండ్రి కావచ్చునన్న మనిషికి అచ్చుగుద్దినట్టుండే కవల సోదరుడు ఉంటే, మామూలు పరీక్ష ఇద్దరినీ విడదీయలేదు.

మనశ్శాంతి కోసమైతే ఇంట్లోనే తీసి పంపవచ్చు. కోర్టులోనో, వీసాకో, మరే అధికారి ముందో పెట్టాలంటే అలా కుదరదు. నమూనా తీసేవారు బయటివారై ఉండాలి. అందరి గుర్తింపు కార్డులు, ఫోటోలు, వేలిముద్రలు, సాక్షుల సంతకాలు, సీలు వేసిన కవరు ఉండాలి. ఆ కవరు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎప్పుడు వెళ్లిందో రాసి ఉండాలి. ఈ గొలుసులో ఒక్క కొక్కెం ఊడితే అవతలి వకీలుకు పండగే. అమెరికా వీసాకు తండ్రి, తల్లి సంబంధం చూపాలంటే వాళ్లు గుర్తించిన ప్రయోగశాలే కిట్టును నేరుగా కాన్సులేటుకు పంపుతుంది, ఫలితం కూడా నేరుగా అక్కడికే వెళుతుంది, 99.5 శాతానికి తగ్గితే ఒప్పుకోరు. ముందే మీకు మీరు చేయించుకున్న పరీక్ష అక్కడ చెల్లదు.

ప్రయోగశాల ఎంపికలో ప్రకటన చూసి మోసపోకండి. ఈ పరీక్షల కోసం 2019లో లోక్‌సభలో పెట్టిన ప్రత్యేక బిల్లును 2023లో వెనక్కి తీసుకున్నారు. కాబట్టి జాగ్రత్త పడాల్సింది మనమే. ప్రయోగశాలల నాణ్యత చూసి ఇచ్చే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందా, ఉంటే డీఎన్‌ఏ పరీక్షకే ఉందా లేక షుగరు పరీక్షకా అని చూడండి. ఎన్ని గుర్తులు చూస్తారో అడగండి. అన్నదమ్ముల పరీక్షకైతే ఇరవైకి పైనే చూడమని పట్టుబట్టండి. రుసుము మనిషికి ఇంత అని లెక్కా, కేసు మొత్తానికా? అవసరమైతే నిపుణులు కోర్టులో సాక్ష్యం చెబుతారా? ఈ ఆఖరి ప్రశ్నకు నసిగేవారి దగ్గర ఆగకండి.

నివేదిక చదవడం

నివేదికలో డి8ఎస్1179 వంటి పేర్లతో, ఒక్కో గుర్తుకు ఒకటి చొప్పున వరుసలుంటాయి. భయపడకండి. బిడ్డకు 13, 15 ఉన్నాయనుకోండి. తల్లికి 13, 14 ఉన్నాయి. అంటే 13 తల్లిది, 15 తండ్రి నుంచి రావాలి. తండ్రి అంటున్న మనిషికి 10, 12 ఉంటే ఆ వరుసలో కలవలేదు. ఒకటి రెండు వరుసలు కలవనంత మాత్రాన గుండె బాదుకోకండి, తరం మారేటప్పుడు అంకె ఒకటి జరగడం ఉంటుంది. మూడు అంతకు మించి కలవకపోతే సాధారణంగా ఆయన తండ్రి కాదంటారు.

99.99 శాతం అన్న అంకె ఒక ఊహ మీద నిలబడుతుంది. పరీక్షకు ముందు అవకాశం సగానికి సగం అనుకుని లెక్క మొదలుపెడతారు. అన్నదమ్ముల పరీక్షలో శాతం కంటే పక్కనున్న నిష్పత్తిని చూడాలి. ‘ఒకే తండ్రి పిల్లలైతే ఇలాంటి ఫలితం రావడానికి, కాకపోతే రావడానికి ఎన్ని రెట్లు తేడా?’ అన్నది అది చెబుతుంది. ఒకటికి దగ్గర్లో ఉంటే పరీక్ష ఏమీ చెప్పలేదని అర్థం. ఇంకొకటి గమనించండి. ఆ ‘కాకపోతే’ అన్నచోట ఎవరిని పెట్టారు? దారినపోయే పరాయివాడినా, చిన్నాన్ననా? మా మొదటి నివేదిక పరాయివాడితో పోల్చింది. మాకు కావాల్సింది చిన్నాన్నతో పోలిక. అమ్మ, అక్క, తమ్ముడు, చిన్నాన్న కూతురు చేరాక ఆ అంకె వందల్లోకి వెళ్లింది. మొగ్గు మా నాన్న వైపు.

కోర్టుకు వెళ్లాల్సి వస్తే

దావాలో డీఎన్‌ఏ పరీక్ష కోసం వేరే అర్జీ వేయాలి, మా భాషలో ఐ.ఏ. అంటాం. ‘నిజం తేలుతుంది’ అని ఒక్క వాక్యం రాస్తే కొట్టేస్తారు. ఏ కాగితం ఉంది, ఏది లేదు, పరీక్ష తప్ప మరో దారి ఎందుకు లేదు, అది వివరంగా ఉండాలి. కోర్టు ఒప్పుకుంటే ప్రభుత్వాసుపత్రిలో ఇరుపక్షాల ముందు నమూనా తీసి, సీలు వేసి, హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీకో, ప్రభుత్వ ఫోరెన్సిక్ ప్రయోగశాలకో పంపుతారు. ఆ రోజు మీ వైపు మనిషి ఒకరు అక్కడ ఉండి సీలు, సంతకం చూసుకోవాలి. మన రాష్ట్ర గవర్నరుగా చేసిన నారాయణదత్ తివారీ ఏళ్ల తరబడి తప్పించుకున్నా, చివరికి 2012 మేలో డెహ్రాడూన్‌లో రక్తం ఇచ్చారు. సీడీఎఫ్‌డీ నివేదికను ఆ జులైలో ఢిల్లీ హైకోర్టు తెరిచింది. తివారీయే తన తండ్రని దావా వేసిన రోహిత్ శేఖర్ మాట నిజమైంది. ఆదేశించాక కూడా ఎవరైనా రాకపోతే, రాకపోవడాన్నే వారికి వ్యతిరేకంగా కోర్టు తీసుకోవచ్చు. ఖర్చుకు భయపడే ఆడవారు, పిల్లల తరఫువారు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. ఆడవారికి, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది.

మేం దావా దాకా వెళ్లలేదు. పలమనేరు గుడి పూజారి కొడుకు ఆ పెళ్లి తనకు గుర్తుందన్నాడు. తన తండ్రే చేయించారట. రక్తానికి నివేదిక, పెళ్లికి ఫోటో, పూజారి మాట, అన్నీ ఒకే కట్టలో చేరాయి. భాగం రాసి రిజిస్టరు చేయించాం. అమ్మ ఆ రోజు ఆఫీసుకు రాలేదు. మేం తిరిగి వచ్చేసరికి అన్నం వండించి ఉంచింది, ఆయనకు కూడా.

కాగితాల విషయంలో ఆయనకు గుమాస్తాగా ఒకటే చెప్పాను. నివేదిక అసలు ప్రతిని, ఆ పాత ఫోటోను లామినేషన్ చేయించవద్దు, రేపు ఎవరైనా తిరగబడితే కోర్టువారు వెనక వైపు ముద్ర వేయాల్సి వస్తుంది, ఫోటో అసలుదో కాదో చూడాల్సి వస్తుంది అని. పలమనేరు తమ్ముడు తల గోక్కున్నాడు. ఫోటోకు పోయిన వారమే చేయించాడట.